గుమ్మం దాకా మీ పని

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. పెళ్ళై ఏడేళ్ళు. రెండేళ్ళుగా బాబుతో పుట్టింట్లో ఉంటున్నాను. వాడికి పోయిన నెలలో ఐదు నిండాయి. మా ఆయన విడాకుల కేసు వేశారు. నెలకి రెండు శనివారాలు, పదింటి నుంచి పన్నెండు దాకా, హైకోర్టు ఆవరణలో ఉన్న పిల్లల కేంద్రంలో బాబుని తండ్రికి చూపించమని ఆర్డరు వచ్చింది. అంతకుముందు పద్నాలుగు నెలలు ఆయన వాణ్ణి చూడలేదు. ఇప్పటికి మూడుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి బాబు ఆయన్ని 'ఆ అంకుల్' అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది, తర్వాత సిగ్గేసింది. రెండోసారి ఆటోలోనే వాంతి చేసుకున్నాడు. మూడోసారి నా చున్నీ పట్టుకుని వదల్లేదు. లోపల అరగంట ఏడ్చాడట. జ్వరమని చెప్పి మానిపించెయ్యమని మా అమ్మ. బాబు బ్యాగులో ఫోను రికార్డింగు ఆన్ చేసి పెట్టమని మా అన్నయ్య. ఆయన నాలుగు నెలలుగా ఖర్చులకి డబ్బు పంపడం లేదు. ఐదేళ్ళు నిండితే పిల్లాణ్ణి తండ్రికి ఇచ్చేస్తారని ఎవరో అన్నారు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉండే మా పిన్ని కూతురు, అక్కడ ఇలాంటివాటికి వేరే కేంద్రాలుంటాయనీ, భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదనీ చెప్పింది. మనకెందుకు లేవు? నేను లోపల వాడి పక్కన కూర్చోకూడదా? రాయడం మరిచాను, ఆయన బాబుని ఎప్పుడూ కొట్టలేదు. నా మీద ఒకసారి కంచం విసిరారు, బాబు చూశాడు. పోయినసారి ఆయన ఇచ్చిన బొమ్మ కారు అటక మీద పెట్టేశాను.

జవాబు:

'రాయడం మరిచాను' అంటూ ఉత్తరం చివర వచ్చే సంగతి నిజంగా మరిచిపోయినది అవదమ్మా. రాయాలా వద్దా అని కలం పట్టుకుని కూర్చున్నది అవుతుంది. అందుకని కంచంతోనే మొదలుపెడతాను.

ఆ సంగతి మీ లాయరుకి చెప్పారా? ఆయన కేసుకి జవాబుగా మీరు వేసిన కౌంటర్లో ఉందా? ఒక్కసారే కదా అని పూర్తిగా వదిలేసేవాళ్ళను చూశాను, కోపంలో ఒక్కసారిని పదిసార్లు చేసి రాయించేవాళ్ళనూ చూశాను. ఇద్దరూ చివరికి ఇబ్బంది పడ్డవాళ్ళే. ఎప్పుడు జరిగింది, ఏ గదిలో, బాబు ఎక్కడ నిలబడి ఉన్నాడు, తర్వాత వాడేం చేశాడు, ఇవన్నీ ఉన్నది ఉన్నట్టు రాయించండి. తండ్రీ కొడుకూ కలవడానికి ఎలాంటి చోటు కావాలో తేలేది ఇలాంటి వివరాల వల్లే. మీ చెల్లెలు చెప్పిన కేంద్రాల్లో కూడా మొదట ఆరా తీసేది ఇదే.

ఇంగ్లండులో వాటిని చైల్డ్ కాంటాక్ట్ సెంటర్లు అంటారు. వాటన్నిటికీ కలిపి ఒక జాతీయ సంఘం 1991లో ఏర్పడింది. కేంద్రాలకు ప్రమాణాలు పెట్టి గుర్తింపు ఇచ్చేది ఆ సంఘమే. చాలా కేంద్రాలు ఏ చర్చి హాల్లోనో, ఏ కమ్యూనిటీ హాల్లోనో వారాంతాల్లో నడుస్తాయి. ఒక మూల బొమ్మలు, ఒక మూల టీ సామాను, ఒకే హాల్లో నాలుగైదు కుటుంబాలు. వాలంటీర్లు అటూ ఇటూ తిరుగుతుంటారు గానీ ఎవరి పక్కనా కూర్చుని మాటలు వినరు. బిడ్డకి హాని జరిగేలా ఏదన్నా కంటబడితే తప్ప, ఎవరు ఏ తేదీన ఎన్నింటికి వచ్చి వెళ్ళారన్నది మించి కోర్టుకి ఏమీ రాసివ్వరు. దీన్ని 'సపోర్టెడ్' అంటారు. బిడ్డకి ప్రమాదం ఉందన్న అనుమానం లేని కుటుంబాల కోసం ఇది. అనుమానం ఉన్నచోట 'సూపర్‌వైజ్డ్' అని వేరే ఏర్పాటు. అందులో శిక్షణ ఉన్న మనిషి ఒకరు గదిలోనే ఉండి, ప్రతి మాటా వింటూ, రాసుకుంటూ, అవసరమైతే కోర్టుకి నివేదిక ఇస్తారు. రెండూ ఒకటే అనుకుని తొందరపడితే చిక్కే.

అన్నట్టు, అక్కడ 1989లో చేసిన పిల్లల చట్టంలో 'యాక్సెస్' అనే పాత మాట తీసేసి 'కాంటాక్ట్' అని పెట్టుకున్నారు. మన ఆర్డర్లలో ఇప్పటికీ ఎక్కువగా 'విజిటేషన్' అనే ఉంటుంది. తెలుగు పేపర్లు దాన్ని 'సందర్శన హక్కు' అని రాస్తాయి, పిల్లాడేదో ఎగ్మూరు మ్యూజియం అయినట్టు.

మనకెందుకు లేవని అడిగారు. మన దగ్గర ఈ పని ఎక్కువగా కోర్టు ఆవరణలోనే జరుగుతుంది. లేదంటే ఫలానా పార్కులో, ఫలానా మాల్‌లో కలవమని ఆర్డర్లో రాస్తారు. నేను చాలా ఏళ్ళు కుటుంబ న్యాయస్థానంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఐదేళ్ళ పిల్లవాణ్ణి గేటు దగ్గర తనిఖీ దాటించి, నల్లకోట్ల మధ్య నుంచి, పోలీసుల పక్క నుంచి నడిపించుకు రావడం నాకు ఏనాడూ నచ్చలేదు. ఒక పిల్ల నన్ను "ఇక్కడ ఎవర్ని జైల్లో వేస్తారు, అమ్మనా, నాన్ననా?" అని అడిగింది. అయినా సరే, మీ కేసులో కంచం ఉంది కాబట్టి, మాల్‌కి మార్పించుకుందామని మాత్రం తొందరపడకండి. మాల్‌లో ఏసీ ఉంటుంది, ఐస్‌క్రీమ్ ఉంటుంది. ఏదన్నా తేడా వస్తే చూసే నాథుడుండడు. పిల్లల కేంద్రంలో మనుషులుంటారు, వచ్చినట్టు సంతకం ఉంటుంది.

మీ చెల్లెలు చెప్పినవాటిలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఆ రెంటికీ ఇంగ్లండు దాకా వెళ్ళక్కర్లేదు, జడ్జిగారిని అడగొచ్చు. ఒకటి, మీరిద్దరూ ఒకే సమయానికి గుమ్మంలో ఎదురుపడకుండా పావుగంట తేడా పెట్టమనడం: ఆయన తొమ్మిదీ నలభై అయిదుకి వచ్చి లోపల కూర్చోవాలి, మీరు పదింటికి బాబుని తేవాలి, పన్నెండింటికి మీరు ముందు బయటపడాలి. రెండోది, మొదటి నాలుగైదు కలయికల్లో కౌన్సెలర్ ఒకరు దగ్గర ఉండి, ఏం గమనించారో కోర్టుకి రాసివ్వమనడం. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే కౌన్సెలర్ల గురించి ఉంది, మానసిక వైద్యుల్లాంటి నిపుణుల సాయం తీసుకునే వీలూ ఉంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల గురించి ఇచ్చిన ఆర్డర్లను మార్చమని ఎప్పుడైనా అడగొచ్చు. మీది రాయి మీద చెక్కిన శాసనమేమీ కాదు. ఇక ఆయన చెయ్యి మళ్ళీ లేచినా, బాబుకి హాని ఉందని నిజంగా అనిపించినా, 2005 గృహ హింస చట్టం 21వ సెక్షన్ ఉంది. కలవడం బిడ్డకి హానికరమని మెజిస్ట్రేటు అభిప్రాయపడితే ఆ కలయికని ఒప్పుకోకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది.

ఐదేళ్ళ భయం సంగతి. మీకు ఆ మాట చెప్పినవారు సగం చట్టమే చదివారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో, ఐదేళ్ళ లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని ఉంది. ఐదు నిండిన మర్నాడు తండ్రికి అప్పగించాలని ఎక్కడా లేదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమని ఉంది. ఆయనకి బాబు పూర్తిగా కావాలంటే విడిగా అడగాలి, తన దగ్గరే వాడు బాగుంటాడని చూపించాలి. పుట్టినరోజు కేకు కోసినందుకు కస్టడీ చేతులు మారదు. నిద్రపోండి.

డబ్బు విషయానికి ఒక్క పేరా చాలు. ఖర్చులకి ఇవ్వట్లేదని పిల్లాణ్ణి ఆపకండి, పిల్లాణ్ణి చూపించట్లేదని డబ్బు ఆపే హక్కు ఆయనకీ లేదు. కోర్టు ఈ రెంటినీ వేర్వేరుగానే చూస్తుంది. మనోవర్తి ఆర్డరు ఉండీ ఇవ్వకపోతే అమలు చేయించమని పిటిషన్ వెయ్యండి. ఆర్డరే లేకపోతే వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భృతి అడగండి. లాయరు ఫీజు భారమైతే, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

ఇక అసలు సంగతి, ఆ గుమ్మం.

మీరు లోపల రెండు గంటలూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. మీరు పక్కనుంటే బాబు కళ్ళు ఆయన మీద ఉండవు, మీ మొహం మీద ఉంటాయి. నవ్వొచ్చా, ఆ బిస్కెట్ తీసుకోవచ్చా అని ప్రతిదానికీ మీ వైపే చూస్తాడు. పద్నాలుగు నెలల ఎడం ఉంది కాబట్టి, ఇంకో రెండు మూడుసార్లు మొదటి పది పదిహేను నిమిషాలు గదిలో ఒక పక్కన ఉంటానని అడగండి. చాలావరకు కాదనరు. ఆ తర్వాత బయటికి రండి.

ఎలా బయటికి రావాలన్నదే ముఖ్యం. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పనిలో చేరిన కొత్త. పసుపు గౌను వేసుకున్న నాలుగేళ్ళ పిల్ల, తల్లిని వదలదు. "ఆటలో పడ్డాక చప్పుడు కాకుండా వెళ్ళిపోండి" అని తల్లికి చెప్పింది నేనే. పెద్ద తెలివైన సలహా ఇచ్చాననుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది. పిల్ల వంటింటి బొమ్మసామాను సర్దుతూ సర్దుతూ వెనక్కి తిరిగి చూసింది. ఏడవలేదు. లేచి గుమ్మం దగ్గరికి పోయి, చెప్పులు తీసుకుని, కుడిది ఎడమ కాలికీ ఎడమది కుడికాలికీ తొడుక్కుని, పట్టీ పెట్టుకుని, తలుపుకి ఆనుకుని కూర్చుంది. తండ్రి బతిమాలాడు, చాక్లెట్ చూపించాడు, చివరికి ఆయనా నేల మీద పక్కన కూలబడ్డాడు. పన్నెండు దాకా అంతే. తర్వాత రెండు నెలల పాటు ఇంట్లో తల్లి స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టనిచ్చేది కాదట. ఆ సంగతి తల్లే వచ్చి నాకు చెప్పింది, నన్నొక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ తల్లికీ ఆ సలహా ఇవ్వలేదు.

కాబట్టి చెప్పి వెళ్ళండి, ఏడ్చినా సరే. చెప్పి వెళ్ళిన అమ్మ కోసం పిల్లలు ఏడుస్తారు, ఏడ్చి ఆటలో పడతారు. మాయమైన అమ్మ కోసం కాపలా కాస్తారు.

చెప్పడం కూడా క్లుప్తంగా ఉండాలి. "పన్నెండింటికి వస్తా" అంటే ఐదేళ్ళ వాడికి అది ఎప్పుడో అర్థం కాదు. ముందు బయట మీరు కూర్చునే బెంచీ వాడికి చూపించండి. "నువ్వు ఆడుకుని, బిస్కెట్లు తిని, నీళ్ళు తాగేసరికి నేను ఇక్కడే ఉంటా" అనండి. ఒక్కసారే. బుగ్గలు నిమురుతూ అయిదుసార్లు చెప్పారంటే, ఇదేదో భయపడాల్సిన చోటే అన్నమాట అని వాడు తేల్చుకుంటాడు. పదకొండూ యాభైకల్లా ఆ బెంచీ మీదే ఉండండి. ఎండగా ఉందని క్యాంటీన్‌లోకి పోయి కూర్చోవద్దు. వాడు తలుపు తీసుకుని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంటే ఈ మూడుసార్ల కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. కిటికీలోంచి తొంగి చూడటం కూడా వద్దు. మీకు కనపడేదానికన్నా వాడికి మీరు కనపడేదే ఎక్కువ.

బాబుని మీ చేతిలోంచి నేరుగా ఆయన చేతికి ఇవ్వకండి. అక్కడ పనిచేసే ఆవిడ ఎవరో ఉంటారు కదా, ఆమె చెయ్యి పట్టించండి. ఆ ఆవిడ వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి బొమ్మల దగ్గర కూర్చోబెడితే, అప్పుడు ఆయన వచ్చి పక్కన కూర్చుంటే సరి. వాడికి మీ ఇద్దరి మధ్యా ఉన్న ఆ నాలుగడుగుల దూరమే ఈ లోకంలోకెల్లా కష్టమైన నడక. మధ్యలో మూడో మనిషి ఉంటే అటూ ఇటూ కాని చోటు ఒకటి దొరుకుతుంది. ప్రతిసారీ అదే ఆవిడ అయితే మరీ మంచిది. ఆమె పేరు కనుక్కుని ఇంట్లో మామూలుగా వాడండి, "శనివారం ఫలానా ఆంటీ దగ్గరికి వెళ్తున్నాం" అని.

చున్నీ గురించి. వాడు పట్టుకున్నది నిజమే, కానీ మీరు కూడా వాడి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈసారి మీ చేతిరుమాలు ఒకటి వాడి నిక్కరు జేబులో పెట్టండి. మీ వాసన వాడి జేబులో ఉంటే మీ చున్నీ అవసరం కొంత తగ్గుతుంది. చిన్న చిట్కాలా కనిపిస్తుంది గానీ, నేను చాలామంది పిల్లల దగ్గర చూశాను.

వాంతి గురించి రెండు రకాలుగా ఆలోచించాలి. ముందు మామూలు కారణాలు చూద్దాం. పొద్దున్నే ఏం పెడుతున్నారు? మళ్ళీ ఎప్పుడు తింటాడో అని అమ్మమ్మ నాలుగు ఇడ్లీలు కుక్కి, పైన గ్లాసుడు పాలు పట్టించి, శనివారం రద్దీలో పెరంబూరు నుంచి హైకోర్టు ఉన్న ప్యారీస్ కార్నర్ దాకా ఆటోలో పొగ పీలుస్తూ కుదుపుకుంటూ వెళ్తే, తండ్రి సంగతి అటుంచి ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. రెండు ఇడ్లీలు చాలు, పాలు వద్దు. ఆటో మానేసి లోకల్ ట్రెయిన్‌లో సెంట్రల్ దాకా వెళ్ళి, అక్కడ మెట్రో ఎక్కండి. సెంట్రల్ తర్వాతి స్టేషనే హైకోర్టు. ఐదేళ్ళ మగపిల్లాడికి రెండు రైళ్ళు, రెండు మూడు ఎస్కలేటర్లు ఉన్న ప్రయాణం. శనివారం అంటే కోర్టు గుర్తొచ్చే బదులు రైలు గుర్తొస్తే సగం పని అయినట్టే.

ఇవన్నీ మార్చినా వాంతులు ఆగకపోతే, రాత్రుళ్ళు పక్క తడపడం, ఉలిక్కిపడి లేవడం మొదలైతే, అప్పుడు అది వేరే సంగతి. పిల్లల డాక్టరుకి చూపించండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి, వాడన్న మాట వాడన్నట్టే రాసుకోండి. వాడి మాటకి మీ అర్థం కలపొద్దు. అది కౌన్సెలర్‌కి చూపించండి. ఒకవేళ తనని ఎవరైనా కొట్టారనో, తాకకూడని చోట తాకారనో వాడు అంటే, తర్వాతి వాయిదా దాకా ఆగొద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, లాయరుకి చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

అమ్మగారి జ్వరం ఉపాయం. పెద్దావిడ ప్రేమకొద్దీ అంటున్నారు, కాదనను. కానీ వాడు వింటూంటాడు. ఒళ్ళు చల్లగా ఉన్నవాడికి జ్వరమని అమ్మమ్మ ఫోన్లో చెబుతుంటే, నాన్నని చూడటమంటే అబద్ధమాడైనా తప్పించుకోవాల్సిన పని అని వాడికి బోధపడుతుంది. వాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇక కోర్టు సంగతి. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో, బిడ్డకి తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కుందనీ, మరీ తీవ్రమైన పరిస్థితుల్లోనే ఒకరికి బిడ్డతో సంబంధం లేకుండా చెయ్యాలనీ, అలా చేస్తే కారణాలు రాయాలనీ చెప్పింది. అవతలి లాయరు మీ జ్వరాలన్నీ తేదీలతో సహా లెక్కపెట్టి పెట్టుకుంటాడు. నిజంగా జ్వరం వస్తే పొద్దున్నే లాయరు ద్వారా కబురు పంపండి, డాక్టరు చీటీ ఉంచుకోండి, "బదులుగా వచ్చే శనివారం తీసుకొస్తాను" అని మీరే అనండి. ఆ ఒక్క మాట మీకు వెయ్యి అఫిడవిట్ల పెట్టు.

అన్నయ్యగారి రికార్డింగు ఆలోచన విని నాకు కోపం వచ్చింది, దాచను. బ్యాగులో ఫోనుందని వాడికి తెలియకుండా ఉంటుందా? తెలిశాక వాడేమవుతాడు? ఐదేళ్ళ గూఢచారి. అటు నాన్నతో నవ్వితే ఫోను వింటుంది, ఇటు ఇంటికొస్తే మామయ్య అడుగుతాడు. పైగా అది బయటపడితే ఆయన మీద మీకున్న న్యాయమైన ఫిర్యాదులన్నీ వెనక్కి పోయి, వాయిదా అంతా ఆ ఫోను చుట్టూనే తిరుగుతుంది. ఎవరో ఒకరు గమనించాలని మీకుంటే, పైన చెప్పినట్టు కౌన్సెలర్‌ని అడగండి. అది బాహాటంగా జరిగే పని.

ఫోను లేకపోయినా ఇంట్లో విచారణ జరుగుతుంది, అది నాకు తెలుసు. చెప్పులు విడవకముందే అమ్మమ్మ "ఏమన్నాడు రా? ఏం పెట్టాడు? అమ్మ గురించి అడిగాడా?" అంటుంది. పెద్దావిడకి మీరే నచ్చజెప్పాలి. బయటికి వచ్చిన వాణ్ణి మీరు అడగాల్సింది ఒక్కటే: "ఆకలేస్తోందా?" వాడంతట వాడు ఏమన్నా చెబితే "ఓహో, అలాగా" అని వినండి. బాగా ఆడుకున్నానంటే మొహం ముడుచుకోకండి, ఏడ్చానంటే ఒడిలోకి లాక్కుని మీరూ ఏడవకండి. 'పాపం నా బంగారం' అని మెరీనాకి తీసుకెళ్ళి గుర్రం ఎక్కించడం లాంటివి కూడా వద్దు. శిక్ష అనుభవించి వచ్చినవాడికే అలాంటి ఓదార్పులు.

ఆయనకి చెప్పాల్సినవీ ఉన్నాయి. మీరు చెబితే వినరు, నేను రాస్తే ఆయన చదవరు. కౌన్సెలర్ ద్వారా చెప్పించండి. వాణ్ణి చటుక్కున ఎత్తుకోకూడదు. "నాన్నంటే ఇష్టం లేదా?" అని అడగకూడదు. తల్లినో అక్కనో వెంటేసుకు రాకూడదు, ఆర్డర్లో తండ్రి అని ఉంటే తండ్రి ఒక్కరే రావాలి. నానమ్మ సంగతి తర్వాత, వాడు కుదురుకున్నాక మీరే ఆలోచించవచ్చు. ప్రతిసారీ అదే ఆట, అదే చోట ఆడాలి. ఒకాయన వారం వారం సోడామూతలు ఒక సంచీలో పోసుకుని వచ్చేవాడు. నేల మీద కూర్చుని రంగులవారీగా వరసలు పెట్టుకునేవాడు, పిల్లాడి వైపు చూడనైనా చూడకుండా. నాకే విసుగొచ్చేది. నాలుగో వారమో ఐదో వారమో పిల్లాడు దగ్గరికొచ్చి "ఎర్రది తప్పు పెట్టావ్" అన్నాడు.

'ఆ అంకుల్' మాట విని మీకు కలిగిన హాయికి సిగ్గుపడకండి. రెండేళ్ళు ఒంటరిగా లాక్కొచ్చిన మనిషికి ఆ మాత్రం అనిపించదా? కాకపోతే ఆ ముచ్చట ఇంట్లో అందరి ముందూ చెప్పి నవ్వుకున్నారా అన్నది చూసుకోండి. వాడు వింటే మళ్ళీ అంటాడు, మిమ్మల్ని సంతోషపెట్టడానికి. మీ ఇంట్లో ఆయన్ని ఏమని అంటున్నారు? 'వాడు', 'ఆ మనిషి', 'మీ నాన్న'? ఐదేళ్ళ పిల్లాడి చెవిలో 'మీ నాన్న' అన్నది కూడా ఒక తిట్టులాగే పడుతుంది, ఆ 'మీ' ఒత్తి పలికితే. వట్టి 'నాన్న' అనండి. రోజుకి ఒక్కసారి, మామూలు వాక్యంలో. "ఈ చెయ్యి తిప్పడం నాన్నలాగే ఉంది నీకు" అన్నట్టు. మొదట్లో మీ నోటికే చేదుగా ఉంటుంది. బళ్ళో స్నేహితులంతా అప్పా అంటున్నారని వాడూ అప్పా అంటాడేమో, అననివ్వండి.

ఆ బొమ్మ కారు అటక మీంచి దించండి. ఎందుకు దించారని అమ్మగారు అడిగితే వాడిదే కదా అనండి. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీలు ఉన్నాయో లేదో చూడండి, ఇలాంటి కార్లతో చాలాసార్లు అవి రావు. వాడు దాన్ని మీ వంటింట్లో గచ్చు మీద నడుపుకుంటే నడుపుకోనివ్వండి. శనివారం తీసుకెళ్తానంటే బ్యాగులో పెట్టండి, అటు వెళ్ళిన కారు మళ్ళీ ఇటు తిరిగొస్తుందో లేదో వాడు తప్పకుండా చూసుకుంటాడు.